పేగు మానితేనే ఎముకకు బలం: సీలియాక్ ఉన్న పెద్దలు ఏది ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి

మా అక్క పీట మీద నుంచి లేవాలంటే ముందు కుడిచెయ్యి నేలకు ఆనించేది, తర్వాత దాన్ని మోకాలి మీద పెట్టుకునేది, ఆపైనే లేచేది. అప్పుడు ఆమెకు నలభై రెండేళ్లు. "బరువు పెరిగావక్కా" అని నవ్వేవాళ్లం. నిజానికి ఆమె బరువు తగ్గుతోంది. ఒకరోజు అనంతపురంలో మా ఇంటి వెనక కుళాయి దగ్గర జారి చెయ్యి ఆన్చింది. మణికట్టు విరిగింది. కట్టు కట్టిన డాక్టరు క్యాల్షియం మాత్రలు రాశారు, ఆరు నెలలు మింగింది. రక్తహీనతకు ఐరన్ మాత్రలు అప్పటికే నాలుగేళ్లుగా మింగుతోంది. ఇన్ని మింగుతున్నా ఏదీ ఒంటికి పట్టడం లేదేమిటన్న ప్రశ్న చాలా ఆలస్యంగా, ఒక జీర్ణకోశ వైద్యుడి నోట వచ్చింది. పరీక్ష చేయిస్తే సీలియాక్ అని తేలింది.

సీలియాక్ అంటే గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ లోపలికి వెళ్లినప్పుడల్లా శరీరం తన పేగు మీద తానే దాడి చేసుకునే జబ్బు. మన దేశంలో ఉత్తరాదిన ఎక్కువ, దక్షిణాదిన అరుదు. అరుదు కాబట్టే మన దగ్గర త్వరగా అనుమానించరు. ఆ ఆలస్యానికి మూల్యం ఎముకలే చెల్లిస్తాయి.

నేను వైద్యుణ్ణి కాను. అక్క కోసం ఐదేళ్లుగా పిండి మర దగ్గరా, ల్యాబుల దగ్గరా, వైద్యుల గదుల బయటా కూర్చుని నేర్చుకున్నది రాస్తున్నాను. మందుల విషయం మీ డాక్టరుతో తేల్చుకోండి. వరస మాత్రం తప్పకండి. మేము చేసిన తప్పంతా వరసలోనే ఉంది.

ముందు అసలు జరిగేది తెలుసుకోండి

చిన్నపేగు లోపలి గోడ మీద మఖమలు గుడ్డ నూగులాగా ఆంత్రచూషకాలు ఉంటాయి. తిన్నదాన్ని పీల్చుకునేవి అవే. సీలియాక్‌లో అవి అరిగి చదునైపోతాయి. దెబ్బ ఎక్కువగా తగిలేది చిన్నపేగు మొదటి భాగానికి. ఐరన్, క్యాల్షియం బాగా పీల్చుకోవలసింది కూడా అక్కడే. కొవ్వు సరిగా ఒంటబట్టదు కాబట్టి కొవ్వులో కరిగే విటమిన్ డి కూడా జారిపోతుంది.

రక్తంలో క్యాల్షియం తగ్గితే శరీరం ఊరుకోదు, గుండె, కండరాలు నడిచేది దానితోనే. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోను ఎక్కువగా వదిలి ఎముకల్లోంచి క్యాల్షియం తోడిస్తాయి. పంట పోయిన ఏడు విత్తనానికి దాచిన గింజలు తీసి వండుకోవడం మన కరువు సీమలో తెలియనివారు ఉండరు. ఇదీ అంతే. ఆ పూటకు గడుస్తుంది, గాదె ఖాళీ అవుతుంది.

దీనివల్ల ఎముకకు రెండు రకాల చెరుపు జరగవచ్చు. ఒకటి గుల్లబారడం. విరిగేదాకా నొప్పి ఉండదు. రెండోది మెత్తబడటం, దీన్నే ఆస్టియోమలేసియా అంటారు. అందులో నొప్పి ఉంటుంది. మోకాలి కింద ముందు ఎముకను వేలితో నొక్కితే బాధ, తొడల్లో నీరసం, నేల మీద నుంచి లేవలేకపోవడం కనిపిస్తాయి. అక్క పీట దగ్గర పడిన అవస్థ ఈ రెండోది. మాకది బద్ధకంలా కనిపించింది.

మొదటి మెట్టు: గోధుమ మానకముందే పరీక్ష

అనుమానం రాగానే చపాతీలు మానేసి నెల తర్వాత పరీక్షకు వెళ్లేవారు చాలామంది. అలా చేయకండి. శరీరం తన మీద తానే చేసుకునే ఆ దాడికి గుర్తుగా రక్తంలో కొన్ని యాంటీబాడీలు ఉంటాయి, గ్లూటెన్ తింటున్నప్పుడే అవి కనిపిస్తాయి. చేయించవలసింది వాటిని కొలిచే టీటీజీ ఐజీఏ, దానితో పాటు మొత్తం ఐజీఏ (ఐజీఏ అంటే ఒక రకం యాంటీబాడీ). కొందరి శరీరంలో ఐజీఏ పుట్టుకతోనే తక్కువ, వాళ్లకు మొదటి పరీక్ష ఒక్కటే చేస్తే జబ్బు ఉన్నా లేదని వస్తుంది. పెద్దవారికి ఆ తర్వాత ఎండోస్కోపీలో చిన్నపేగు ముక్కలు తీసి చూసి ఖాయం చేస్తారు. జీవితాంతం పాటించవలసిన పథ్యం కాబట్టి ఈ ఖర్చుకు వెనకాడవద్దు.

రెండో మెట్టు: ఎముకల లెక్క తీయించండి

రక్తపరీక్షల్లో క్యాల్షియం, ఆల్బుమిన్, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, 25 హైడ్రాక్సీ విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోను, క్రియాటినిన్ ఉండేలా చూడండి. రక్తహీనతకు ఫెరిటిన్, బి12, దానితో పాటు థైరాయిడ్ కూడా. సీలియాక్ ఉన్నవారిలో థైరాయిడ్ ఇబ్బంది తోడుగా ఉండటం మామూలే. క్యాల్షియం మామూలుగా ఉందని సంబరపడకండి. పారాథైరాయిడ్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగి ఉంటే ఆ క్యాల్షియం ఎముకల్లోంచి తోడినదే కావచ్చు. అక్క రిపోర్టులో క్యాల్షియం అంకె చక్కగా ఉంది, విటమిన్ డి మాత్రం మిల్లీలీటరుకు 7 నానోగ్రాములు. 20 కంటే తక్కువ ఉంటేనే లోటు అంటారు.

ఎముక సాంద్రతకు డెక్సా స్కాన్ తీయాలి. నడుము వెన్నెముక, తుంటి రెండూ తీస్తారు. కర్నూలు, కడప, అనంతపురం ఎక్కడున్నా ముందే ఫోను చేసి "తుంటికీ వెన్నెముకకూ తీసే డెక్సా ఉందా?" అని అడగండి. ఎందుకంటే ఉచిత శిబిరాల్లో మడమ పెట్టించి చూసే చిన్న యంత్రం వేరు. దాని అంకె పట్టుకుని మందు మొదలుపెట్టడం గానీ, భయం లేదని ఇంటికి పోవడం గానీ తగదు. అక్కకు అలాంటి ఒక శిబిరంలో "బాగానే ఉంది" అని చీటీ ఇచ్చారు. మణికట్టు విరిగింది ఆ తర్వాతే.

ఎముక విరిగినవారు, బాగా బరువు తగ్గినవారు, నెలసరి ఆగినవారు, ఏళ్ల తరబడి జబ్బు తెలియకుండా గడిపినవారు డెక్సా వెంటనే చేయించుకోవాలి. మిగతావారికి పథ్యం మొదలైన ఏడాదికి చేయించినా చాలని చెప్పే వైద్యులున్నారు. నెలసరి ఆగిన స్త్రీలకూ, యాభై దాటిన మగవారికీ టీ-స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న యువత ఎముకతో పోల్చిన అంకె, చూస్తారు. అది మైనస్ 1కీ మైనస్ 2.5కూ మధ్య ఉంటే సాంద్రత తగ్గినట్టు, మైనస్ 2.5 లేదా అంతకంటే కింద ఉంటే గుల్లబారినట్టు. అంతకంటే చిన్నవారికి జెడ్-స్కోరు, అంటే అదే వయసువారితో పోల్చిన అంకె, చూడాలి, మైనస్ 2 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే వయసుకు తగినంత లేదని అర్థం. ముప్పై ఐదేళ్ల మనిషికి టీ-స్కోరు చూపించి బెదరగొడితే జెడ్-స్కోరు ఎంతో అడగండి.

ఇక మన సీమలో తలెత్తే చిక్కొకటి ఉంది. అది ఫ్లోరైడ్. అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల్లో చాలా ఊళ్ల బోరు నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటి ఫ్లోరైడ్ ఉంటుంది. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం అనంతపురం జిల్లాలో వందలాది ఊళ్లకు నీరు చేర్చడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. ఫ్లోరైడ్ పట్టిన ఎముక చిక్కగా కనిపిస్తుంది గానీ పెళుసుగా ఉంటుంది. డెక్సాలో అంకె బాగా వస్తుంది, మనిషి మాత్రం నడుము వంచలేడు. పైగా తిండిలో క్యాల్షియం తక్కువైనవారి ఎముకలకు ఫ్లోరైడ్ చెరుపు ఎక్కువ. మీరు బోరు నీరు తాగి పెరిగినవారైతే ఆ మాట డాక్టరుకు చెప్పండి, వాళ్లు అడగకపోయినా. నీటిని ల్యాబులో పరీక్ష చేయించండి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో యంత్రం మాత్రం చాలావరకు తీసేస్తుంది.

మూడో మెట్టు: గ్లూటెన్‌ను వంటింట్లోంచి పంపించడం

ఎక్కువ శ్రమ ఇక్కడే. ఎముకలకు మొదటి మందు కూడా ఇదే. పేగు మానకుండా క్యాల్షియం మింగడం చిల్లికుండలో నీళ్లు పోయడమే. పథ్యం సరిగ్గా పాటిస్తే ఎముక సాంద్రత మొదటి ఏడాదిలోనే ఎక్కువగా పుంజుకుంటుంది. పెద్దవారిలో పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు, అయినా పెరుగుతుంది.

రాయలసీమవాళ్లం ఒక విధంగా అదృష్టవంతులం. రాగి సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం, సజ్జరొట్టె, బొరుగుల ఉగ్గాని, వేరుశనగ, అలసందలు, ఉలవచారు, వీటిలో దేనిలోనూ గ్లూటెన్ లేదు. "గోధుమ తినకపోతే ఇంకేం తింటావు?" అని హైదరాబాదులో చుట్టాలు అడిగితే అక్క నవ్వింది.

కానీ రాగి నేరుగా చేలోంచి పళ్లెంలోకి రాదు, మధ్యలో పిండి మర ఉంది. పథ్యం మొదలుపెట్టిన ఎనిమిది నెలలకు కూడా అక్క టీటీజీ దిగలేదు. ఇంట్లో గోధుమ గింజ లేదు. ఒక రోజు రాగులు తీసుకుని నేనే మరకు వెళ్లి కూర్చున్నాను. నా ముందు ఒకాయన పది కిలోల గోధుమలు ఆడించుకున్నాడు. తర్వాత నా రాగులు తొట్టిలో పోశారు. పిండి పడే చోట కట్టిన గుడ్డ గొట్టాన్ని మర ఆయన రెండుసార్లు కర్రతో కొట్టాడు. తెల్లటి ధూళి జలజలా రాలి డబ్బా అడుగున పరుచుకుంది, దాని మీద ముదురు రంగు రాగిపిండి పడింది. రెండు రంగులూ విడివిడిగా కనిపించాయి.

"అదేమిటన్నా, గోధుమపిండి పడింది కదా" అన్నాను.

"చిటికెడే కదన్నా, ఏమవుతుంది?" అన్నాడాయన, చాలా మంచి మనసుతో.

చిటికెడే చాలు. గ్లూటెన్ లేదని చెప్పుకునే ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదని మన దేశపు ఆహార ప్రమాణాల నిబంధన. ఒక చెంచా గోధుమపిండిలోనే అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది.

దీనికి మూడు దారులు. ఇంటికి చిన్న పిండి మర కొనుక్కోవడం మొదటిది. స్తోమత ఉంటే ఇదే మేలు, ఆ మరలో గోధుమ ఎప్పుడూ వేయకూడదు. రెండోది మిక్సీ. రాగులు కడిగి నీడన ఆరబెట్టి కొద్దికొద్దిగా ఆడించి జల్లిస్తే సంగటికి పనికొస్తుంది, జొన్నరొట్టెకు మాత్రం కాస్త బరకగా ఉంటుంది. అటక మీదున్న ఇసుర్రాయి మూడోది. మాది ఇసుర్రాయితో మొదలై మూడు నెలలకు మర కొనడంతో ముగిసింది. మరలో మొదట ఒక కిలో బియ్యం ఆడించి వదిలేస్తే శుభ్రమవుతుందనే మాట నమ్మకండి. మూలల్లోనూ గుడ్డలోనూ ఉన్నది అలాగే ఉంటుంది. ఆడించే ముందు ధాన్యాన్ని చాటలో చెరిగి చూడండి, కొట్టు జొన్నల్లో నాలుగు గోధుమ గింజలు దొరకడం కొత్త కాదు.

మర తర్వాత దొంగ ఇంగువ. డబ్బాలో అమ్మే కూటు ఇంగువలో చాలావరకు గోధుమపిండి గానీ మైదా గానీ కలుపుతారు. పులిహోర, చారు, పచ్చడి అన్నిట్లో అది పడుతుంది. డబ్బా వెనక చదవండి, బియ్యప్పిండి కలిపిన రకాలు కూడా దొరుకుతాయి. తర్వాత బజ్జీ నూనె. మిరపకాయ బజ్జీ శనగపిండిదే, కానీ అదే బాణలిలో అంతకుముందు మైదా బోండా వేగి ఉంటుంది. ఉగ్గాని బండి దగ్గర తినండి, బజ్జీ వద్దనండి. సేమ్యా, రవ్వ ఉప్మా, రవ్వకేసరి ప్రసాదం, హోటల్ రవ్వదోశ, కొన్ని సోయా సాసులు, బీరు కూడా వద్దు. ఓట్స్ మీద "గ్లూటెన్ లేదు" అన్న ముద్ర లేకపోతే ముట్టవద్దు.

అన్నిటికంటే విచిత్రం, ఎముకలకు బలమని పాలల్లో కలిపే మాల్ట్ పొడులు. చాలావాటిలో బార్లీ మాల్టూ గోధుమపిండీ ఉంటాయి. అక్కకు చెయ్యి విరిగాక మా అమ్మ రోజూ రెండు పూటలా అదే తాగించింది. ఆ సంగతి తెలిశాక అమ్మ నెల రోజులు దాని గురించే బాధపడింది. ఇంట్లో చేసుకున్న రాగి మాల్ట్ అయితే భయం లేదు, కొన్నదైతే డబ్బా చదవండి.

ఉగాది ఓళిగల పై పొర మైదాది. జొన్నపిండితో చేయబోయి ఓడిపోయాం, ఆ ఏడు పూర్ణం ఉండలు తిన్నాం. మరుసటి ఏడు నుంచి బియ్యం, మినప్పప్పు రుబ్బిన తోపులో ముంచి పూర్ణాలు చేస్తున్నాం. ఎవరికీ ఓళిగ గుర్తురావడం లేదంటే అబద్ధం.

ఇంట్లో మిగతావారు చపాతీ తింటుంటే పెనం, జల్లెడ, చపాతీ పీట, సంగటి కట్టె వేరుగా ఉంచండి. ఈ నాలుగూ ఎంత కడిగినా పిండి వదలవు.

నాలుగో మెట్టు: విటమిన్ డి

ఇంత ఎండలో విటమిన్ డి లోటేమిటని నవ్వకండి. తిరుపతి పరిసరాల్లో ఆరోగ్యవంతుల మీద జరిపిన అధ్యయనాల్లోనే లోటు విస్తారంగా బయటపడింది. చర్మంలో విటమిన్ డి తయారుకావడానికి మధ్యాహ్నపు ఎండ కావాలి, సుమారు పదకొండు నుంచి రెండు మధ్య. ఆ వేళకు మనం నీడకు పోతాం, పోకపోతే ఏప్రిల్‌లో అనంతపురం ఎండకు పడిపోతాం. చలికాలంలో చేతులు, కాళ్లు తగిలేలా ఇరవై నిమిషాలు నిలబడటం మంచిదే గానీ సీలియాక్‌లో లోటు పూడ్చడానికి అదొక్కటే చాలదు.

సాధారణంగా వారానికి 60,000 యూనిట్ల చొప్పున ఎనిమిది వారాలు ఇచ్చి, తర్వాత నెలకొకటి చేస్తారు. పేగు పీల్చుకోకపోతే ఎక్కువ మోతాదో, సూదిమందో అవసరం కావచ్చు. పాలు, నెయ్యి ఉన్న భోజనం తర్వాత వేసుకుంటే బాగా పడుతుంది. మందుల షాపులో అడిగి నెలల తరబడి వారానికొకటి వేసుకునేవారిని చూశాను. అతి అయితే రక్తంలో క్యాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, దాహం, మూత్రపిండాల్లో రాళ్లు వస్తాయి. మూడు నెలలకు మళ్లీ రక్తపరీక్ష చేయించి చూసుకోండి.

ఐదో మెట్టు: క్యాల్షియం, ముందు కంచంలో

పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాములు, నెలసరి ఆగిన స్త్రీలకు 1200. మా ఇంటి లెక్క ఇదీ: రాగులు 90 గ్రాములు, ఉదయం అంబలికీ మధ్యాహ్నం సంగటికీ కలిపి, సుమారు 320. పెరుగు పెద్ద కప్పు 280. రాత్రి గ్లాసు పాలు 240. మునగాకు గుప్పెడు 150. కాగితం మీద ఇది వెయ్యికి కాస్త తక్కువ. నువ్వుల పొడి చల్లితే దాటుతుంది. కానీ నువ్వుల క్యాల్షియం చాలావరకు పొట్టులో ఆక్సలేట్ అనే పదార్థానికి అంటుకుని ఉండి ఒంటికి సరిగా పట్టదు, పొట్టు తీసిన నువ్వుల్లో బాగా తగ్గిపోతుంది. అందుకే నేను దాన్ని లెక్కలో వేసుకోను. పాలకూర కూడా అంతే, పేరు గొప్ప. రాగిలోని ఫైటేట్ అనే పదార్థం కూడా కొంత క్యాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. మొలకెత్తించినా, రాత్రంతా పులియబెట్టి అంబలి చేసినా ఆ పట్టు సడలుతుంది. మన పెద్దవాళ్లు అంబలి పులియబెట్టింది ఇందుకని కాకపోయినా మేలు అదే.

పథ్యం మొదట్లో పాలు తాగితే కడుపు ఉబ్బరం, విరేచనాలు రావచ్చు. పాలలోని చక్కెరను అరిగించే ఎంజైము ఆంత్రచూషకాల కొనల్లోనే ఉంటుంది, అవి మానేదాకా ఈ ఇబ్బంది ఉంటుంది. పాలు శాశ్వతంగా మానకండి. ఆ కొద్ది నెలలు పెరుగు, మజ్జిగలతో నడపండి.

తక్కువైనది మాత్రతో పూడ్చాలి. ఒక్కసారి 500 మిల్లీగ్రాములకు మించి వేసుకుంటే పేగు సరిగా పీల్చుకోలేదు. డబ్బా మీద క్యాల్షియం కార్బొనేట్ 1250 అని ఉంటే అందులో అసలు క్యాల్షియం 500 మాత్రమే. కార్బొనేట్‌ను భోజనంతో వేసుకోవాలి, సిట్రేట్ ఎప్పుడైనా పరవాలేదు. ఐరన్ మాత్రకు కనీసం రెండు గంటలు, థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటలు ఎడం ఇవ్వండి. అక్క ఆ ఆరు నెలలూ ఐరన్, క్యాల్షియం ఒకే గుక్కలో మింగింది, క్యాల్షియం ఐరన్‌ను అడ్డుకుంది. మాత్రలో కలిపిన పిండి ఏ గింజదో మందుల షాపులో అడగండి, విసుక్కున్నా అడగండి.

ఆరో మెట్టు: ఎముక మందులు

తొందరపడకూడనిది ఇక్కడే. విటమిన్ డి లోటు ఉండగా ఎముక మెత్తబడినా డెక్సాలో అంకె తక్కువగానే వస్తుంది. అలాంటివారికి పథ్యం, విటమిన్ డి, క్యాల్షియంతోనే అంకె లేచి నిలబడవచ్చు. లోటు పూడ్చకుండా జోలెడ్రోనిక్ ఆమ్లం లాంటి సూదిమందు ఇస్తే క్యాల్షియం ఒక్కసారిగా పడిపోయి చేతులు కొంకర్లు పోయే ప్రమాదం ఉంది.

అవసరమై అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల వారపు మాత్ర రాస్తే పరగడుపున, గ్లాసు నిండా మంచినీటితో మింగి, అరగంట నిటారుగా కూర్చోవాలి లేదా తిరగాలి. కాఫీతో మింగితే దండగ, పడుకుంటే అన్నవాహిక పుండుపడుతుంది. ఆరు నెలలకొకసారి ఇచ్చే డెనోసుమాబ్ సూది మొదలుపెడితే డాక్టరుకు చెప్పకుండా ఆపవద్దు, ఆపాక వెన్నుపూసలు వరసగా నలిగిన సందర్భాలున్నాయి.

ఏడో మెట్టు: కదలిక, పడకుండా చూసుకోవడం

నడక మంచిదే, చాలదు. మెట్లెక్కడం, కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా పదిసార్లు లేవడం, రెండు లీటర్ల నీళ్ల సీసాలు ఎత్తడం లాంటివి కలపండి. వెన్నుపూస నలిగినవారు ముందుకు వంగే ఆసనాలు మానాలి. పెరట్లో కుళాయి దగ్గర పాచి గీకించండి. మేము విరిగాక గీకించాం.

తర్వాత

ఆరు నెలలకు, ఏడాదికి టీటీజీ. విటమిన్ డి, పారాథైరాయిడ్ పరీక్షలు మీ డాక్టరు చెప్పిన గడువుకు. డెక్సా ఒకటి రెండేళ్లకు మళ్లీ, సాధ్యమైతే అదే ఊళ్లో, అదే యంత్రం మీద. వేరే యంత్రంతో పోలిస్తే తేడా ఎముకదో యంత్రానిదో తెలియదు. పాత రిపోర్టు వెంట తీసుకెళ్లండి.

పరీక్ష మధ్య కాలానికి ఒక పైసా ఖర్చు లేని పద్ధతి చెబుతాను. చెప్పులు విడిచి, మడమలు గోడకు ఆన్చి, ద్వారబంధం దగ్గర నిలబడి నెత్తి మీద అట్ట పెట్టి గీత గీయండి. ఆరు నెలలకొకసారి. రెండు సెంటీమీటర్లు తగ్గినా, నడుములో హఠాత్తుగా నొప్పి పట్టినా వెన్నెముక ఎక్స్‌రే తీయించాలి. మా వంటింటి ద్వారబంధం మీద పిల్లల గీతలు ఏటా పైకి పోతున్నాయి. పక్కనే అక్క గీతలు ఐదేళ్లవి, ఒకదాని మీద ఒకటి పడి లావుగా ఒకే గీత అయ్యాయి.